కొత్త రౌటర్ పెట్టినా నెట్ రాకపోతే...



ఉరుములు మెరుపులతో వాన పడిన మర్నాడు ఊళ్లో ఒక మాట తప్పక వినిపిస్తుంది: "రౌటర్ కాలిపోయింది". అప్పుడు ఎవరో ఒకరు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లో, గజ్వేల్ దుకాణంలోనో కొత్త రౌటర్ కొని తెస్తారు. పాతదాని తీగలన్నీ పీకి కొత్తదానికి గుచ్చుతారు. లైట్లు వెలుగుతాయి. ఫోన్‌లో వైఫై గుర్తు కూడా వస్తుంది. కానీ నెట్ మాత్రం రాదు. "కొత్తది కూడా పాడైందే వచ్చింది" అని ఒకరంటారు, "లైన్ పోయింది" అని మరొకరంటారు. చాలాసార్లు రెండూ నిజం కావు.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ ఈపాస్‌లో స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు ఆఖరి తేదీ ఆ రోజే అయితే? ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే గడువు ఆ రాత్రితో ముగుస్తుంటే? మన ఇళ్లలో రెండో కనెక్షన్ ఉండదు, వారానికో రౌటర్ కొనే స్తోమతా ఉండదు. అందుకే ఈ విషయాన్ని ఒక పాఠంగా తెలుసుకుందాం. దీనికి ఇంజనీరింగ్ చదివి ఉండనవసరం లేదు. పదో తరగతి విద్యార్థి కూడా చేయగలడు.

నెట్ మన ఇంటికి వచ్చే దారి

మన మండలంలోని కొండపోచమ్మ సాగర్ అందరికీ తెలుసు. 15 టీఎంసీల ఈ జలాశయం 2020 మే 29న ప్రారంభమైంది. గోదావరి నీళ్లు ఒక్క గెంతున ఇందులోకి రావు. అనంతగిరి, రంగనాయక సాగర్, మల్లన్న సాగర్ దాటి, అక్కారం, మర్కూక్ పంపుహౌసుల మీదుగా మెట్టు మెట్టుగా వస్తాయి. మధ్యలో ఒక్క మెట్టు ఆగితే కింద అంతా ఎండిపోతుంది. పొలానికి నీళ్లు రాకపోతే రైతు మోటారును తిట్టుకుంటూ కూర్చోడు. కాలువ వెంట నడిచి ఎక్కడిదాకా నీళ్లున్నాయో చూస్తాడు.

నెట్ కూడా ఇలాగే మెట్లు దిగి వస్తుంది. కంపెనీ కేంద్రం నుంచి ఫైబర్ తీగ మన ఇంటికి చేరుతుంది. ఆ తీగలో నడిచేది కరెంటు కాదు, కాంతి. ఇంట్లో ఓఎన్‌టీ అనే పెట్టె ఆ కాంతిని కరెంటు సంకేతంగా మారుస్తుంది. దాని నుంచి లాన్ కేబుల్ ద్వారా రౌటర్‌కు, రౌటర్ నుంచి వైఫై ద్వారా మన ఫోన్‌కు నెట్ వస్తుంది. కొన్ని ఇళ్లలో ఓఎన్‌టీ, రౌటర్ రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి.

ఈ దారి మన పల్లెలకు వచ్చి ఎంతో కాలం కాలేదు. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చినప్పుడు అది రాగి టెలిఫోన్ తీగ మీద వచ్చేది. 2004 నాటి ప్రభుత్వ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. 2023లో ఆ హద్దును 2 మెగాబిట్లకు పెంచారు. గ్రామ పంచాయతీలన్నిటికీ ఫైబర్ వేయాలని కేంద్రం 2011లో నిర్ణయించింది. అదే తర్వాత భారత్‌నెట్ అయింది. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. ఆ భగీరథ పథకాన్ని 2016 ఆగస్టు 7న ప్రారంభించింది మన పక్కనే ఉన్న గజ్వేల్ కోమటిబండలో. అంటే నీళ్లూ నెట్టూ ఒకే కందకంలో పల్లెకు బయలుదేరాయన్నమాట.

అసలు కిటుకు: పాత రౌటర్‌కు తెలిసినవి కొత్తదానికి తెలియవు

హాస్టల్‌లో ఒక విద్యార్థి టీసీ తీసుకుని వెళ్లిపోయాడనుకుందాం. అతని మంచం మీదికి కొత్త విద్యార్థి వచ్చి కూర్చున్నాడు. మంచం అదే, పెట్టె పెట్టుకునే చోటు అదే. కానీ రిజిస్టర్‌లో ఇంకా పాత పేరే ఉంది. హాజరు పిలిచినప్పుడు కొత్త విద్యార్థి పేరు రాదు. తప్పు మంచానిది కాదు, విద్యార్థిదీ కాదు. రిజిస్టర్‌లో పేరు మారలేదు, అంతే.

కొత్త రౌటర్ పరిస్థితి అచ్చంగా ఇదే. పాత రౌటర్‌ను బిగించిన రోజున కంపెనీ మనిషి వచ్చి దానికి కొన్ని సంగతులు చెప్పి వెళ్లాడు. మనం చూడలేదు, చూసినా మరిచిపోయాం. అవి ముఖ్యంగా మూడు.

మొదటిది, యూజర్ నేమ్, పాస్‌వర్డ్. చాలా కంపెనీలు పీపీపీఓఈ అనే పద్ధతి వాడతాయి. రౌటర్ ప్రతిసారీ కంపెనీ సర్వర్‌కు తన పేరు, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి వెళ్లాలి.

రెండోది, వీలాన్ నంబరు. ఒకే ఫైబర్‌లో నెట్, ఫోన్, టీవీ వేరువేరు వరుసల్లో నడుస్తాయి. నెట్ ఏ వరుసలో ఉందో చెప్పేదే ఈ నంబరు. కొన్ని కంపెనీలకు ఇది అవసరం, కొన్నిటికి అవసరం లేదు.

మూడోది, పెట్టె గుర్తింపు. ప్రతి రౌటర్‌కూ మ్యాక్ అడ్రస్ అనే 12 అక్షరాంకెల గుర్తు ఉంటుంది. ఇందులో 0 నుంచి 9 వరకు అంకెలు, ఎ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. కొన్ని కంపెనీలు ఈ గుర్తును తమ రిజిస్టర్‌లో రాసుకుని, ఆ పెట్టెకు తప్ప వేరేదానికి నెట్ ఇవ్వవు. ఓఎన్‌టీకైతే దాని సీరియల్ నంబరును కంపెనీ తప్పకుండా నమోదు చేసుకోవాలి.

కాబట్టి కొత్త పెట్టె పని చేయకపోతే "ఇది పాడైందా?" అని కాక, "పాతదానికి తెలిసి, దీనికి తెలియనిది ఏమిటి?" అని ముందుగా అడగాలి. ఈ పాఠానికి సారాంశం ఈ ఒక్క ప్రశ్నే.

ముట్టుకునే ముందు

పాత రౌటర్ ఇంకా వెలుగుతుంటే దాన్ని పారేయకండి. రీసెట్ గుండీ అసలు నొక్కకండి. అది నొక్కితే యూజర్ నేమ్, వీలాన్ అన్నీ చెరిగిపోతాయి. వెనక ఉన్న లేబుల్‌ను, ఏ తీగ ఏ రంధ్రంలో ఉందో ఆ అమరికను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. వీలైతే సెట్టింగుల పేజీ తెరిచి ఆ వివరాలు నోటుబుక్కులో రాసుకోండి.

ప్లాన్ గడువు ముగిసిందేమో చూడండి. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రీచార్జి అయిపోయిన కనెక్షన్‌కు రౌటర్ మార్చేవాళ్లూ ఉంటారు.

దరఖాస్తుకు ఆఖరి గంటలు నడుస్తుంటే మరమ్మతు పక్కన పెట్టండి. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకునో, మీసేవకు వెళ్లో ముందు ఆ పని ముగించండి. రౌటర్ సంగతి తర్వాత చూడొచ్చు.

మెట్టు మెట్టుగా పరీక్ష

1. కరెంటు: రౌటర్ అడుగున ఎన్ని వోల్టులో, ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. అడాప్టర్ మీద కూడా అదే వోల్టేజి ఉండాలి. ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. 12 వోల్టుల రౌటర్‌కు ఇంట్లో పడి ఉన్న 9 వోల్టుల అడాప్టర్ పెడితే లైట్లు వెలిగినా మాటిమాటికీ ఆగి మళ్లీ మొదలవుతుంది.

2. కాంతి: ఓఎన్‌టీ మీద లాస్ అనే లైటు ఎర్రగా మెరిస్తే కాంతి రావడం లేదని అర్థం. తీగ ఎక్కడో తెగింది, వంగింది, లేదా మొన సరిగ్గా కూర్చోలేదు. కోతులు లాగినా, లారీ పైభాగం తగిలినా ఇదే జరుగుతుంది. అప్పుడు రౌటర్‌ను ఎంత సవరించినా లాభం లేదు, కంపెనీకి ఫోన్ చేయాల్సిందే. పాన్ అనే లైటు మెరుస్తూనే ఉండి నిలకడగా వెలగకపోతే, కాంతి వస్తోంది గానీ కంపెనీ ఈ పెట్టెను ఇంకా గుర్తించలేదని అర్థం. ఓఎన్‌టీనే మార్చినప్పుడు ఇది మామూలే. సీరియల్ నంబరు నమోదు చేయమని అడగాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఫైబర్ మొనలోకి కన్ను పెట్టి చూడకండి. అందులో నడిచేది కంటికి కనిపించని పరారుణ కాంతి. కనిపించడం లేదు కాబట్టి ఏమీ లేదనుకోవడం ప్రమాదం. ఇక మొనల్లో ఆకుపచ్చవి, నీలంవి అని రెండు రకాలున్నాయి. ఆకుపచ్చదాని మొన 8 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది, నీలందానికి ఆ వాలు ఉండదు. ఒకదానిలో ఒకటి బిగిస్తే కాంతి బాగా నష్టపోతుంది.

3. సరైన రంధ్రం: రౌటర్ వెనక ఒక వాన్ రంధ్రం, మూడు నాలుగు లాన్ రంధ్రాలు ఉంటాయి. వాన్ చాలావాటిలో వేరే రంగులో ఉంటుంది. ఓఎన్‌టీ నుంచి వచ్చే కేబుల్ వాన్‌లోకే వెళ్లాలి. "టక్" మని శబ్దం వచ్చేదాకా నెట్టండి. అక్కడ చిన్న లైటు వెలగకపోతే కేబుల్ మార్చి చూడండి.

4. పెట్టె రకం: పాత టెలిఫోన్ తీగ కోసం చేసిన రౌటర్‌కు సన్నని ఫోన్ రంధ్రం ఉంటుంది. దానికి ఫైబర్ నెట్ నేరుగా రాదు. ఓఎన్‌టీల్లో కూడా జీపాన్, ఈపాన్ అని రెండు జాతులున్నాయి. మన కంపెనీ ఏది వాడితే మనదీ అదే కావాలి. రెంటికీ పనికొచ్చేవి ఎక్స్‌పాన్ పేరుతో దొరుకుతాయి. వేరే కంపెనీ తన కోసం తాళం వేసి ఇచ్చిన రౌటర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొంటే, అది మన కంపెనీతో పని చేయకపోవచ్చు. కొనే ముందే అడగండి.

5. పేరు, పాస్‌వర్డ్: రౌటర్ పేజీలో వాన్ సెట్టింగ్‌కు వెళ్లండి. కంపెనీ చెప్పిన పద్ధతి పీపీపీఓఈ అయితే అదే ఎంచుకుని వివరాలు నింపండి. డీహెచ్‌సీపీ అని చెబితే పేరు అవసరం లేదు, అడ్రస్ తనంతట తానే వస్తుంది. ఇక్కడ చాలామంది తికమక పడతారు. ఒక ఇంట్లో మూడు పాస్‌వర్డులు ఉంటాయి. వైఫైలోకి రావడానికి ఒకటి, రౌటర్ పేజీ తెరవడానికి ఒకటి, కంపెనీ సర్వర్‌కు చెప్పడానికి ఒకటి. వీధి గేటు తాళంచెవితో బీరువా తెరుచుకోదు కదా!

రౌటర్ చూపించే సందేశాన్ని చదవండి. "అథెంటికేషన్ ఫెయిల్డ్" అంటే సర్వర్ వరకు దారి బాగానే ఉంది, పేరో పాస్‌వర్డో తప్పు. చిన్నబడి, పెద్దబడి అక్షరాలు సరిచూడండి. "సర్వర్ నుంచి జవాబు లేదు" అనే అర్థం వచ్చే సందేశమైతే మన మాట సర్వర్ దాకా వెళ్లడం లేదు. వీలాన్ నంబరు, కేబుల్ చూడాలి.

6. రిజిస్టర్‌లో పేరు: వివరాలన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే మ్యాక్ అడ్రస్‌ను అనుమానించాలి. కంపెనీకి ఫోన్ చేసి కొత్త రౌటర్ లేబుల్ మీది మ్యాక్ అడ్రస్ చెప్పి మార్చమనండి. కొన్ని రౌటర్లలో మ్యాక్ క్లోన్ అనే సదుపాయం ఉంటుంది. మన పాత రౌటర్ గుర్తును కొత్తదానికి ఇచ్చే ఏర్పాటు అది. ఒక్కోసారి సర్వర్ దృష్టిలో పాత పెట్టె ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క ఉంటుంది. అన్నీ ఆపేసి పది నిమిషాలు ఆగి, ముందు ఓఎన్‌టీ, తర్వాత రౌటర్ వేయండి.

7. ఒకే నంబరు రెండు గదులకు: ఇది చదువుకున్నవాళ్లను కూడా తిప్పలు పెట్టే మెట్టు. ఓఎన్‌టీలో కూడా రౌటర్ ఉండి, దాని అడ్రస్ 192.168.1.1 అయి, మన కొత్త రౌటర్‌దీ అదే అయితే రెండూ గొడవ పడతాయి. ఒకే హాస్టల్‌లో రెండు గదులకూ 5వ నంబరే రాస్తే ఉత్తరం ఎక్కడ ఇవ్వాలి? కొత్తదాని అడ్రస్‌ను 192.168.2.1గా మార్చండి. లేదా కొత్తదాన్ని వైఫై పంచే పెట్టెగా మాత్రమే వాడుకోవచ్చు. అలాగైతే ముందు దానికి పాతదానిది కాని అడ్రస్, ఉదాహరణకు 192.168.1.2, ఇచ్చి, దానిలోని డీహెచ్‌సీపీ ఆపేసి, కేబుల్‌ను వాన్‌లో కాక లాన్‌లో పెట్టాలి.

8. పేర్ల పుస్తకం: వాట్సాప్ వంటివి కొంత పని చేస్తూ వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే డీఎన్ఎస్‌ను చూడాలి. వెబ్‌సైట్ పేరును నంబరుగా మార్చే పుస్తకం అది. కంప్యూటర్‌లో 8.8.8.8కి పింగ్ చేస్తే జవాబు వచ్చి, పేరుతో చేస్తే రాకపోతే లోపం ఇక్కడే. రౌటర్‌లో డీఎన్ఎస్‌గా 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ ఇవ్వండి. కంప్యూటర్‌లో తేదీ, సమయం తప్పుగా ఉన్నా చాలా సైట్లు తెరుచుకోవు. అదీ చూడండి.

నంబరు చూసి రోగం చెప్పడం

డాక్టర్ నాడి పట్టుకున్నట్టు, మనం ఐపీ అడ్రస్ చూసి లోపం ఎక్కడుందో చెప్పవచ్చు.

కంప్యూటర్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే రౌటర్ నుంచి దానికి అడ్రస్ అందలేదు. లోపం ఇంటి లోపలే ఉంది.

కంప్యూటర్‌లో 192.168తో అడ్రస్ ఉండి, రౌటర్ పేజీలో వాన్ అడ్రస్ 0.0.0.0 అని ఉంటే ఇంటి లోపల అంతా బాగుంది. రౌటర్‌కూ కంపెనీకీ మధ్య మాట కుదరలేదు. 5, 6 మెట్లు మళ్లీ చూడండి.

వాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే కంగారు పడొద్దు. కంపెనీ ఒకే బయటి అడ్రస్‌ను చాలా ఇళ్లకు పంచుతోంది, అంతే. నెట్ వస్తుంది.

ఇంకా సందేహంగా ఉంటే రౌటర్‌ను పక్కన పెట్టి, ల్యాప్‌టాప్‌ను నేరుగా ఓఎన్‌టీకి కేబుల్‌తో కలపండి. పీపీపీఓఈ అయితే ల్యాప్‌టాప్‌లోనే ఆ వివరాలు ఇచ్చి చూడవచ్చు. అక్కడ నెట్ వస్తే లైన్ బాగుంది, రౌటర్ సెట్టింగుల్లోనే లోపం. రాకపోయినా తొందరపడి లైన్‌ను నిందించకండి. ల్యాప్‌టాప్‌కూ వేరే మ్యాక్ అడ్రస్ ఉంటుంది కదా!

కంపెనీకి ఫోన్ చేసినప్పుడు

"సార్, మా నెట్ వస్తలేదు" అంటే అవతలివాళ్లు "ఆపి మళ్లీ వేయండి" అంటారు. మన మాటలో వివరం ఉంటే వాళ్ల జవాబులోనూ వివరం ఉంటుంది. ఇలా చెప్పండి: "రౌటర్ మార్చాను. లాస్ లైటు వెలగడం లేదు, పాన్ లైటు నిలకడగా ఉంది. వాన్ అడ్రస్ 0.0.0.0 వస్తోంది. నా కనెక్షన్ పీపీపీఓఈనా, డీహెచ్‌సీపీనా? వీలాన్ నంబరు ఎంత? మ్యాక్ బైండింగ్ ఉంటే కొత్త అడ్రస్ రాసుకోండి."

ఈ వాక్యాలు ముందే కాగితం మీద రాసుకుని చదివినా తప్పు లేదు. ఫిర్యాదుకు డాకెట్ నంబరు తప్పకుండా అడిగి రాసుకోండి. ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ ఆ నంబరు ఇవ్వాలి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అడగడం మన హక్కు. తెలిసి అడిగేవాడిని ఎవరూ తేలిగ్గా తీసివేయలేరు.

పని అయ్యాక

రౌటర్ పేజీకి కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి. వైఫైకి డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ పెట్టండి. కనెక్షన్ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి, కరెంటు బిల్లులతో పాటు దాచండి. పాత రౌటర్‌ను ఎవరికైనా ఇస్తే అప్పుడు రీసెట్ చేయండి. ఉరుముల వానలో ప్లగ్గును పూర్తిగా పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు.

మీరే జవాబు చెప్పండి

1. లాస్ లైటు ఎర్రగా మెరుస్తోంది. రౌటర్ పాస్‌వర్డ్ మార్చడం వల్ల లాభముందా? ఎందుకు?

2. పాత రౌటర్ పనిచేస్తుండగానే దాన్ని రీసెట్ చేస్తే ఏమి పోతుంది?

3. "అథెంటికేషన్ ఫెయిల్డ్" అని వచ్చింది. ఫైబర్ తెగిందని అనుకోవచ్చా?

4. కంప్యూటర్‌లో 192.168.1.5, వాన్‌లో 0.0.0.0 ఉన్నాయి. లోపం ఏ రెంటి మధ్య ఉంది?

మిత్రులారా! హాస్టల్‌లో చదివిన మనలో చాలామంది ఇళ్లలో మొదటి కంప్యూటర్, మొదటి నెట్ కనెక్షన్ మన చేతుల మీదుగానే వస్తాయి. ఇంట్లో అమ్మానాన్నలు, వాడలో పెద్దలు "నువ్వు సదువుకున్నోనివి గదా, జర చూడు బిడ్డా" అని పిలుస్తారు. ఆ పిలుపుకు సమాధానం చెప్పగలిగితే మనం చదివిన చదువుకు ఒక విలువ. ఇష్టం ఉన్నవాళ్లు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్ చేరితే ఇదే ఉపాధి కూడా అవుతుంది. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు మీ ఇంటి రౌటర్ లేబుల్ ఒకసారి చదవండి, కనెక్షన్ వివరాలు ఒక కాగితం మీద రాసి పెట్టండి. అది పాడయ్యే రోజు ముందుగా చెప్పి రాదు.